నీట్‌లో 362. లాంగ్ టర్మ్ పోవాల్నా, వద్దా?

సాగర్_కాలువ_గట్టు
2025 జూన్ 14న నీట్ రిజల్ట్ వచ్చిన కాడ్నుంచి ఇంట్ల ఎవ్వరం సరిగ్గ మాట్లాడుకుంటలేం. 720కి 362 మార్కులు. ఫస్ట్ అటెంప్ట్, బీసీ-డి, తెలంగాణ లోకల్. బయాలజీ 248, కెమిస్ట్రీ 81, ఫిజిక్స్ 33. ఇంటర్ బైపీసీల 948 వచ్చినయ్ కాబట్టి ఊరంతా నేను డాక్టర్ అయిపోయిననే అనుకున్నరు. మిర్యాలగూడల మా నాన్నకి చిన్న టిఫిన్ సెంటర్, ఊర్ల ఎకరంన్నర పొలం. తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటాల సీటు రాదని కాలేజీల సార్లు చెప్పిన్రు. ఒక కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసి ప్రైవేటు కాలేజీల బి-కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటు ఇప్పిస్త, ఏడాదికి పదకొండున్నర లక్షలు అన్నడు, అప్పట్నుంచి నాన్న పొలం గురించి ఎవరెవరితోనో మాట్లాడుతున్నడు. అమ్మేమో లాంగ్ టర్మ్ పో, ఏడాది కోచింగ్ తీస్కొని మళ్ళ రాయి అంటది. మేనత్త "ఇంకో ఏడాది ఇంట్ల కూసోవెడ్తరా, నర్సింగ్ల చేర్పియ్యున్రి" అంటది. నాకేం సమజైతలేదు. ఒక్క ఏడాది ఆగితే నిజంగా మారుతదా, లేకుంటే మళ్ళ ఇదే 362 వస్తదా? పోయినోళ్ళు చెప్పున్రి ప్లీజ్.

రెండోసారి_డాక్టర్
వెళ్ళమ్మా, ఇంకో ఆలోచనే వద్దు. నాకు మొదటిసారి 318. ఒక లాంగ్ టర్మ్ చేస్తే 421, ఇంకోటి చేస్తే సీటు. ఇప్పుడు గుంటూరులో హౌస్ సర్జన్ని. మా బ్యాచ్‌లో సగానికి సగం మంది లాంగ్ టర్మ్ వాళ్ళే, కాలేజీలో చేరాక నువ్వు ఎన్నోసారి రాసి వచ్చావని ఎవడూ అడగడు, పేషెంట్ అసలే అడగడు.

నర్సాపురం_నాన్న
పై బాబు చెప్పింది నిజమే కానీ అది సీటు వచ్చినవాడి మాట. రానివాళ్ళు ఇలాంటి చోటికొచ్చి రాయరు కదండీ, అందుకే నేను రాస్తున్నా. మా అబ్బాయి మూడు సార్లు రాశాడు. 2022లో 310, 2023లో 388, 2024లో 505. చూశారా ఎంత పెరిగాయో. కానీ 2024లో ఏం జరిగిందో అందరికీ తెలుసు, ముందు ఇచ్చిన రిజల్ట్‌లో 67 మందికి 720కి 720, గ్రేస్ మార్కుల గొడవ, పేపర్ లీకు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మార్కులన్నీ పైకి పోయాయి, 505కి ఓసీలో మా వాడికి సీటు లేదు. అంతకు ముందు ఏడాది అవే 505 వచ్చుంటే ఎక్కడో ఒకచోట కూర్చునేవాడేమో అని ఇప్పటికీ రాత్రిళ్ళు అనుకుంటాను. వాడు కష్టపడలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మూడేళ్ళలో పండక్కి కూడా ఇంటికి రాలేదు. మన చేతిలో లేనిది కూడా ఇందులో ఉంటుందమ్మా, అది తెలుసుకుని దిగు.

రెండోసారి_డాక్టర్
@నర్సాపురం_నాన్న అంకుల్ మీ బాధ అర్థమైంది, కానీ 2024 చూపించి ఈ అమ్మాయిని భయపెట్టొద్దు. ఈ ఏడాది చూడండి, ఫస్ట్ ర్యాంకే 686. ఆ ఫిజిక్స్ పేపర్‌కి ఏడవనివాడు లేడు. ఒక్కో ఏడాది ఒక్కో రకంగా ఉంటుంది.

నర్సాపురం_నాన్న
నేను చెప్పేదీ అదే బాబూ, ఒక్కో ఏడాది ఒక్కో రకం. మీకు అనుకూలించిన ఏడాది వచ్చింది.

జువాలజీ_మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. అమ్మా, నువ్వు మొత్తం మార్కులు చెప్పావు గానీ ఎన్ని పెట్టావు, ఎన్ని తప్పాయి అన్నది చెప్పలేదు. ఓఎంఆర్ (నువ్వు జవాబులు దిద్దిన షీటు) కాపీ, కీ దగ్గర పెట్టుకుని మూడు సబ్జెక్టులకీ లెక్క తీసి ఇక్కడ పెట్టు. అది చూడకుండా వెళ్ళు అన్నా వద్దన్నా జాతకం చెప్పినట్టే.

టిబిలిసి_తెలుగోడు
362 అంటే క్వాలిఫై అయినట్టే, ఈ ఏడాది ఓసీ కటాఫే 144. బయట దేశం ఆలోచించావా? నేను జార్జియాలో నాలుగో సంవత్సరం. ఫీజు మన బి-కేటగిరీలో సగం కూడా కాదు.

ఓరుగల్లు_పీజీ
@టిబిలిసి_తెలుగోడు సగం సంగతే చెప్పినవ్ తమ్మీ. బయట చదివొచ్చేటోళ్ళకు మన దేశం పెట్టిన 2021 రూల్స్ ప్రకారం కోర్సు తక్కువల తక్కువ 54 నెలలు ఉండాలె, ఇంగ్లీష్ మీడియం ఉండాలె, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలె, తిరిగొచ్చినంక బయట చదివినోళ్ళు రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షల 300కి 150 తెచ్చుకోవాలె, మళ్ళ ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్. లాంగ్ టర్మ్ కి ఒక ఏడాది పోతదని భయపడేటోళ్ళు గా లెక్క కూడ చూస్కోవాలె. పోవద్దంటలే, తెలుసుకుని పొమ్మంటున్న.

టిబిలిసి_తెలుగోడు
కరెక్టే అన్నా, దాచడానికేం లేదు. నేను కూడా ఇక్కడికొచ్చాకే ఎఫ్‌ఎంజీఈ ఎంత పెద్ద కొండో తెలుసుకున్నా. కానీ ఒకటి చెల్లీ, బయటికెళ్ళడానికి నీట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. అంటే ఇప్పుడు లాంగ్ టర్మ్ వెళ్ళినా ఈ దారి మూసుకుపోదు, కన్సల్టెన్సీ వాళ్ళు ఈ వారమే కట్టాలి అని తరిమితే తొందరపడకు.

సాగర్_కాలువ_గట్టు
@జువాలజీ_మాస్టారు సార్ లెక్క తీసిన, పొద్దంతా పట్టింది. బయాలజీ 82 పెట్టిన, 66 రైట్, 16 తప్పు. కెమిస్ట్రీ 39 పెట్టిన, 24 రైట్, 15 తప్పు. ఫిజిక్స్ 22 పెట్టిన, 11 రైట్, 11 తప్పు, మిగిలిన 23 ముట్టనే లేదు.

జువాలజీ_మాస్టారు
ఇప్పుడు మాట్లాడదాం. అందరూ నీ ఫిజిక్స్ 33 చూసి నువ్వు ఫిజిక్స్‌లో పోయావంటారు. పోయావు, నిజమే, 147 పోయాయి అక్కడ. కెమిస్ట్రీలో 99 పోయాయి. కానీ నన్నడిగితే ముందు బయాలజీ చూడు, 112 మార్కులు పోయాయి. 90 ప్రశ్నల్లో 8 వదిలేశావు, 16 తప్పు పెట్టావు. తప్పు పెట్టిన ప్రతి దానికీ రావలసిన నాలుగూ పోయి పైన ఇంకొకటి పోతుంది, అంటే ఒక్కో తప్పుకి ఐదు, ఆ పదహారింటికే 80. ఇంటర్‌లో 948 తెచ్చుకున్న పిల్లకి బయాలజీ రాక కాదు ఇది. ఒక్క మాట అడుగుతా నిజం చెప్పు, కేంద్రం వేసే ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు చదివావు?

సాగర్_కాలువ_గట్టు
ఒక్కసారి కూడ పూర్తిగ చదవలే సార్. కాలేజీ మెటీరియల్, అకాడమీ బుక్కు చదివిన. ఎన్‌సీఈఆర్‌టీ మార్చ్ తర్వాత మొదలువెట్టిన, ప్లాంట్ ఫిజియాలజీ కాడ ఆగిపోయింది.

జువాలజీ_మాస్టారు
అంతే. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, మన పిల్లలు ఇంటర్ బోర్డు కోసం రాసే చదువు ఒకటి, ఈ పరీక్ష అడిగే చదువు ఇంకొకటి. బోర్డులో ఎనిమిది మార్కుల ప్రశ్నకి బొమ్మ వేసి పేజీలు నింపాలి, ఇక్కడ ఆ పేజీలో ఒక వాక్యంలో ఉన్న ఒక పదం గుర్తుండాలి. బొమ్మ కింద చిన్నక్షరాల్లో ఉన్నది కూడా అడుగుతాడు. ఇంకోటి, నువ్వు మొదటి అటెంప్ట్ అంటున్నావు కదా, అసలు ఎన్ని రోజులు చదివావో లెక్క వెయ్యి. ఫిబ్రవరి ప్రాక్టికల్స్, మార్చంతా ఇంటర్ పరీక్షలు, మధ్యలో ఇంజనీరింగ్, అగ్రికల్చర్ సీట్లకి రాసే ఎప్‌సెట్, మే 4న నీట్. గట్టిగా నలభై రోజులు దొరికాయి నీకు. ఆ నలభై రోజుల చదువుకి వచ్చింది 362. నీలాంటి పిల్లకి ఒక ఏడాది ఇస్తే మారుతుందనే నా నమ్మకం.

హాస్టల్_రూం_14
మాస్టారు చెప్పిన దాంట్లో ఎప్‌సెట్ పాయింట్ కి వంద లైకులు. మా క్లాసులో ఒకడు ఎప్‌సెట్‌కి వెళ్ళి వచ్చి వారం రోజులు నీట్ పుస్తకం ముట్టలేదు, మైండ్ సెట్ అవ్వలేదు అన్నాడు

గౌలిదొడ్డి_పిల్ల
నేను పది దాకా తెలుగు మీడియం, తర్వాత గురుకులంల ఇంగ్లీష్ మీడియం బైపీసీ. ఫస్ట్ టైం రాసినప్పుడు పేపర్ల ప్రశ్న సమజ్ చేస్కునుడుకే సగం టైం పోయింది. లాంగ్ టర్మ్ కూడ గురుకులంలనే చేసిన, పైసా కట్టలే. ఆ ఏడాది నేను కొత్తగ నేర్చుకున్న సబ్జెక్ట్ కన్నా నేర్చుకున్న ఇంగ్లీషే ఎక్కువ అనిపిస్తది, ప్రశ్న ఒక్కసారి చదివితే అర్థమయ్యేదాక వచ్చిన. ఇప్పుడు గవర్నమెంట్ కాలేజీల సెకండ్ ఇయర్. నీకు ఫీజు కష్టమైతే ఎస్సీ, ఎస్టీ, బీసీ గురుకులాల్ల లాంగ్ టర్మ్ నోటిఫికేషన్లు ఏమన్న పడ్తున్నయేమో ముందు చూడు చెల్లె, రిజల్ట్ వచ్చిన కొద్ది రోజులకే అయిపోతయ్, మళ్ళ దొరకవు.

డల్లాస్_మామ
ఇక్కడ అమెరికాలో ఇది అసలు సమస్యే కాదు. ముందు నాలుగేళ్ళ డిగ్రీ చదువుతారు, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మెడికల్ స్కూల్‌లో చేరతారు, మధ్యలో ఏడాది రెండేళ్ళు గ్యాప్ తీసుకోవడం మామూలే. మా అమ్మాయి ఒక ఏడాది క్లినిక్‌లో స్క్రైబ్‌గా పని చేసింది, డాక్టర్ పక్కన కూర్చుని పేషెంట్ చెప్పేది టైప్ చేసే పని. ఆ ఏడాదే తనకి నిజంగా డాక్టర్ అవ్వాలని తెలిసింది. మన వాళ్ళు గ్యాప్ అంటే ఎందుకంత భయపడతారో.

ఓరుగల్లు_పీజీ
మామా అక్కడ ఆ ఏడాది మీ అమ్మాయి అప్లికేషన్ల ఒక అనుభవంగ లెక్కకొస్తది. ఇక్కడ మా చెల్లె దవఖానల పని చేసినా, ఊర్ల వెయ్యి మందికి బీపీ చూసినా ఒక్క మార్కు కలవదు. 720ల ఎంత అన్నదొక్కటే. అందుకే ఇక్కడ దాన్ని గ్యాప్ అనరు, డ్రాప్ అంటరు. పేరులనే తేడా ఉన్నది.

డల్లాస్_మామ
ఒప్పుకుంటా. ఆ తేడా నేను ఆలోచించలేదు.

కరీంనగర్_అమ్మ
మేనత్త మాట గురించి ఎవ్వరు మాట్లాడతలేరు, నేను చెప్త బిడ్డా. మా బిడ్డ లాంగ్ టర్మ్ పోయిన ఏడాది పెళ్ళిళ్ళకి పోవుడు బంద్ చేసినం, ఎందుకంటే పోయిన ప్రతి కాడ "ఏం చేస్తున్నది, ఖాళీగున్నదా" అని అడిగేటోళ్ళు. ఒకామె అయితే సంబంధం కూడ తెచ్చింది. మా ఆయన ఒకటే చెప్పిండు, "మా బిడ్డ పరీక్ష రాస్తున్నది, ఖాళీగ లేదు" అని, ఇంక అటు దిక్కు మాట్లాడలే. ఆ మాట తల్లి చెప్తే వినరు, తండ్రి చెప్తే వింటరు, మన కాడ గట్లనే ఉన్నది. మీ నాయినతోని ఆ మాట ఒక్కటి చెప్పించు చాలు. నర్సింగ్ తక్కువ చదువు కాదు, నా చెల్లెలు నర్సే, కరోనాల ఆమె చేసిన సేవ మా బజారంతా చూసింది. కానీ ఇష్టముండి పోవాలె, అత్త నోరు మూయించడానికి పోవద్దు.

అగ్రి_అన్న
నేను రెండో దారి మనిషిని. నీట్ ఒక్కసారి రాసి, వచ్చిన మార్కులు చూసి, లాంగ్ టర్మ్ వద్దనుకుని ఎప్‌సెట్ ర్యాంకుతో బాపట్ల వ్యవసాయ కాలేజీలో చేరా. మొదటి ఆరు నెలలు ఏడ్చా, అబద్ధం చెప్పను. మూడో సంవత్సరంలో పొలాల్లో పని పెట్టాక, రైతు మన దగ్గరికొచ్చి ఆకు చూపించి ఇదేం తెగులు అని అడిగితే మనం చెప్తే, అప్పుడు బాగానే ఉంది అనిపించింది. ఇది కూడా డాక్టరీయే అనుకుంటా, పేషెంట్ మాట్లాడదు అంతే 🙂 నీ ఎప్‌సెట్ ర్యాంకు ఎంత?

సాగర్_కాలువ_గట్టు
ఎప్‌సెట్ ర్యాంకు బాగనే వచ్చింది అన్నా, అగ్రి సీటు రావొచ్చంటున్నరు. కానీ నాకు ఎనిమిదో తరగతి నుంచి ఒకటే. మా తాతకి పక్షవాతం వచ్చినప్పుడు నల్లగొండ దాకా ఆటోల తీస్కపోయినం, అక్కడ్నుంచి హైదరాబాద్ పొమ్మన్నరు, దారిల ఏం చెయ్యాల్నో ఆ ఆటోల ఎవ్వరికి తెల్వదు. తాత బతికిండు కానీ కుడి చెయ్యి రాలే. అప్పట్నుంచి అనుకుంటున్న. గది పోనిచ్చుకోలేకపోతున్న.

అగ్రి_అన్న
అయితే వెళ్ళు చెల్లీ. నాకలాంటి కారణం లేదు, అందుకే తేలిగ్గా వదిలేశా.

మాల్_ప్రాక్టీస్_బుక్
బి-కేటగిరీ ఎందుకు వద్దంటున్నారు ఎవరూ చెప్పలేదు? సీటు ఇప్పుడే వస్తుంది, ఏడాది మిగులుతుంది, టెన్షన్ లేదు.

ఓరుగల్లు_పీజీ
లెక్క జూడు తమ్మీ. ఏడాదికి 11.55 లక్షలు, ఐదేళ్ళకు 57.75 లక్షలు. హాస్టల్, మెస్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు వేరే. అదే కాలేజీల అదే క్లాసుల పక్క బెంచీల కూసున్న కన్వీనర్ కోటా పిల్ల ఏడాదికి 60 వేలు కడ్తది. గవర్నమెంట్ కాలేజీల అయితే 10 వేలు. చెప్పే సారు ఒక్కడే, చేతికొచ్చే పట్టా ఒక్కటే. ఎకరంన్నర ఉన్న తండ్రి ఆ పొలం అమ్మితే అది రెండో ఏడాదికో మూడో ఏడాదికో అయిపోతది, మిగిలిన ఫీజు ఎక్కడ్నుంచి తేవాలె? ఫీజు కట్టలేక మధ్యల ఇబ్బంది పడ్డ దోస్తులు నాకున్నరు. ఉన్నోళ్ళు కట్టుకుంటరు, తప్పేం లేదు. కానీ పొలం అమ్మి మాత్రం వద్దు, నా చెల్లెకైనా గదే చెప్త.

ఇంకొకటి, ఏడాది పోతదని గుబులు పెట్టుకోకు. నేను 2016 బ్యాచ్. మే నెలల ఎంసెట్ రాసినం, మెడికల్ కి మళ్ళ వేరేగ అన్నరు, జులైల ఎంసెట్-2 రాసినం, అది లీకై రద్దైంది, సెప్టెంబర్ల ఎంసెట్-3. ఎంసెట్-2ల నాకు మంచి మార్కులు వస్తయని కీ చూస్కుని ఇంట్ల స్వీట్లు పంచినం, తర్వాత అవి ఏం కాలేదు. ఆ మూడోదాంట్ల సీటు రాలే. అప్పటికే కొత్త బ్యాచ్ లాంగ్ టర్మ్ క్లాసులు సగం అయిపోయినయ్, మధ్యల పోయి కూసున్న. 2017ల మన దగ్గర నీట్ మొదలైంది, ఎంసెట్ పద్ధతి అలవాటైన మాకు మైనస్ మార్కులు కొత్త. అయినా వచ్చింది. ఇయ్యాల వార్డుల నా వయసు నా ఫైలు మీద తప్ప ఎవ్వరికి యాదికి లేదు. నీట్ కి పై వయసు పరిమితి కూడ లేదు, అటెంప్టులకు లెక్క లేదు.

నర్సాపురం_నాన్న
అటెంప్టులకు లెక్క లేకపోవడమే మా ఇంట్లో సమస్య అయిందండీ. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పరు. ప్రతిసారీ కొంచెం పెరుగుతాయి, ఇంకొక్కసారి అనిపిస్తుంది. మొదటి ఏడాది వాడి ఇష్టం, రెండో ఏడాది నా ఆశ, మూడో ఏడాది ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేక పంపించాను. వాడు వెళ్ళనని చెబితే నేను బాధపడతానని వాడు, వద్దంటే వాడి మీద నమ్మకం లేదనుకుంటాడని నేను. పోయినేడాది ఒక రాత్రి వాడే "నాన్నా ఇంక చాలు" అన్నాడు. ఇప్పుడు అనస్తీషియా టెక్నాలజీ చదువుతున్నాడు, ఆపరేషన్ థియేటర్లో నిలబడుతున్నాను నాన్నా అని ఫోన్ చేసినప్పుడు గొంతు వేరుగా ఉంటుంది. అమ్మా నువ్వు వెళ్తే వెళ్ళు, కానీ వెళ్ళే ముందే మీ నాన్న, నువ్వు కూర్చుని ఎన్నిసార్లో మాట అనుకోండి. నేను చెయ్యని పని అది.

రెండోసారి_డాక్టర్
అంకుల్, నా మొదటి రిప్లై కొంచెం దూకుడుగా పెట్టాను, సారీ. మీరు చెప్పిన ఈ మాట మా నాన్న నాతో అనుకున్నాడు. "రెండు, అంతే, తర్వాత ఏది వస్తే అది" అన్నాడు. రెండోది వచ్చింది కాబట్టి ఆ మాట మర్చిపోయా నేను.

హాస్టల్_రూం_14
నేను మొన్న మేలో లాంగ్ టర్మ్ అయిపోయినవాణ్ణి, ఇంకా ఆ చపాతీల రుచి నోట్లోనే ఉంది. లోపల ఎలా ఉంటుందో చెప్తా ఎవరూ చెప్పట్లేదు. పొద్దున ఐదున్నరకి బెల్లు, స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, సాయంత్రం మళ్ళీ స్టడీ అవర్ రాత్రి పది పదిన్నర దాకా, వారం వారం టెస్టు, సెక్షన్లు టెస్టు మార్కుల మీద మారుస్తారు. జూన్ జులై ఆగస్టు బానే ఉంటుంది, అందరం ఈసారి కొడతాం అనే ఉంటాం. దసరాకి ఇంటికెళ్ళి వచ్చాక డౌన్ అవుతుంది. డిసెంబర్ జనవరి ఘోరం. నాకు జనవరిలో పొద్దున లేవాలంటే కాళ్ళు రాలేదు, పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడేవి కానీ చదవలేకపోయేవాణ్ణి, రూంమేట్ ఒకడు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను ఎవరికీ చెప్పలేదు పది రోజులు. పదకొండో రోజు వార్డెన్ ఫోన్ నుంచి అమ్మకి చేసి ఏడ్చేశా. నాన్న రాత్రి బస్సెక్కి వచ్చి ఏం మాట్లాడకుండా తీసుకెళ్ళిపోయాడు. మూడు వారాలు ఇంట్లో పడుకున్నా, తర్వాత ఇంటి నుంచే గ్రాండ్ టెస్టులు రాశా. 497 వచ్చింది ఇప్పుడు. పోయినేడాది కన్నా తక్కువే కానీ ర్యాంకు చాలా ముందుకొచ్చింది. కౌన్సెలింగ్ కోసం చూస్తున్నా.

కరీంనగర్_అమ్మ
నీ పోస్టు మూడు సార్లు చదివిన కొడుకా. మీ నాయిన మంచి పని చేసిండు. ఇది చదివే పిల్లలు ఎవరన్న గట్లుంటే పది రోజులు ఆగకున్రి, మొదటి రోజే ఇంటికి ఫోన్ చెయ్యున్రి. ఇంట్ల చెప్పలేకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వం నంబర్ ఉన్నది, 14416, ఏ టైముకైనా చెయ్యొచ్చు, తెలుగులనే మాట్లాడ్తరు.

రెండోసారి_డాక్టర్
పై నంబర్ అందరూ సేవ్ చేసుకోండి. మా బ్యాచ్‌లో ఇలాంటి జనవరి లేనివాడు లేడు, ఒకడు చెప్తాడు ఒకడు చెప్పడు. @హాస్టల్_రూం_14 ర్యాంకు ముందుకి రావడమే కావాల్సింది, పోయినేడాది మార్కులతో ఈ ఏడాది మార్కులు పోల్చుకోకు. ఈసారి ఛాయిస్ ప్రశ్నలూ లేవు, పోయినేడాది దాకా అదనంగా ఇచ్చిన ఇరవై నిమిషాలూ తీసేశారు, 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు.

సాగర్_కాలువ_గట్టు
అన్నా నువ్వు చెప్పింది చదివి భయమైంది, మళ్ళ ధైర్యం కూడ వచ్చింది. ఒక డౌట్, విజయవాడ పోయి లాంగ్ టర్మ్ చేస్తే నా తెలంగాణ లోకల్ పోతదా? మా కాడ ఒకాయన పోతదన్నడు.

ఓరుగల్లు_పీజీ
పోదు. లోకల్ అనేది తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు ఎక్కడ చదివినవ్ అన్నదాని మీద ఉంటది. 2024ల గీ లోకల్ రూలు మీద ప్రభుత్వం జీవో 33 ఇచ్చినంక గొడవైంది ఇంటర్ బయట చదివినోళ్ళకు, ఆ కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. నీ చదువంతా మిర్యాలగూడలనే కదా, లాంగ్ టర్మ్ ఎక్కడ చేసినా ఏం కాదు. బోనఫైడ్లు మాత్రం ఇప్పుడే తీస్కొని పెట్టుకో, కాలేజీల సర్టిఫికెట్లు మర్చిపోయి వదిలెయ్యకు. ఇంకా ఒకటి, ఈ ఏడాది కౌన్సెలింగ్ కి కూడ రిజిస్టర్ చెయ్యి, ఏం వస్తదో చూస్తవ్. కానీ సీటు తీస్కొని మానేద్దామనుకుంటే ముందు నోటిఫికేషన్ల ఫ్రీ ఎగ్జిట్ తేదీ చూడు, తర్వాత వదిలేస్తే పెనాల్టీ పడ్తది.

మాల్_ప్రాక్టీస్_బుక్
హాస్టలా ఇంటి నుంచా? నా ఓటు ఆన్‌లైన్. యూట్యూబ్‌లో అన్నీ ఫ్రీగా ఉన్నాయి, లక్షన్నర ఎందుకు తగలెయ్యడం

గౌలిదొడ్డి_పిల్ల
ఇంట్ల రూం వేరే ఉండి, తలుపు పెట్టుకునే వీలుంటే ఆన్‌లైన్. టిఫిన్ సెంటర్ ఇంట్ల ఆడపిల్ల పొద్దున ఐదింటికి పుస్తకం పట్టుకుంటే ఎవరో ఒకరు పిలుస్తరు, ఆమె పోతది. నేను మా ఇంట్ల ఉండుంటే చదవకపోయేదాన్ని, ఇంట్లోళ్ళు చెడ్డోళ్ళని కాదు, పని కనపడ్తే ఊకుండలేం.

జువాలజీ_మాస్టారు
ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎక్కడ చేరినా మూడు పనులు మాత్రం నువ్వే చెయ్యాలి, ఏ కాలేజీ చెయ్యదు. పెట్టిన ప్రతి టెస్టులో తప్పుపోయిన ప్రశ్న ఒక నోట్‌బుక్‌లో రాసి ఎందుకు తప్పిందో పక్కన రాయి, తెలియక తప్పిందా, తెలిసి తొందరలో తప్పిందా, ఊహించి పెట్టావా అని. నీ ఫిజిక్స్‌లో 22 పెడితే సగం తప్పులు, అందులో ఊహించి పెట్టినవి ఎన్నో నీకు తెలియాలి. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ దసరాకి రెండు చుట్లు. ఫిజిక్స్ మొత్తం గెలవాలనుకోకు, మెకానిక్స్‌కి భయపడి సంవత్సరం అంతా దాని ముందే కూర్చునే పిల్లల్ని చూశాను. కరెంట్ ఎలక్ట్రిసిటీ, ఆప్టిక్స్, మోడరన్ ఫిజిక్స్, థర్మోడైనమిక్స్ ముందు గట్టి చేసుకో, ధైర్యం వచ్చాక మెకానిక్స్‌కి రా. సెకండ్‌హ్యాండ్ మెటీరియల్ కొంటే జాగ్రత్త, 2024లో సిలబస్ తగ్గించారు, సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్ ఇప్పుడు లేవు, పాత పుస్తకంలో ఉన్నాయని చదువుతూ కూర్చోకు.

హాస్టల్_రూం_14
మాస్టారూ మెకానిక్స్ ఆఖర్న అంటే మా ఫిజిక్స్ సార్ కొడతారు, అన్నిటికీ పునాది అదే అంటారు

జువాలజీ_మాస్టారు
ఆయన చెప్పింది శాస్త్రం, నేను చెప్పేది 33 మార్కులు వచ్చిన పిల్లకి వైద్యం. రెండూ నిజమే.

సాగర్_కాలువ_గట్టు
నాలుగు రోజులు ఇటు దిక్కు రాలే, ఇంట్ల మాట్లాడుకున్నం. నర్సాపురం అంకుల్ రాసింది నాన్నకి చదివి వినిపించిన. పొద్దున నాలుగింటికి ఆయన పిండి కలుపుతుంటే నేను పోయి పల్లీ చట్నీ పట్టిన, అప్పుడు 57 లక్షల 75 వేల లెక్క చెప్పిన, ఒక కాగితం మీద వేసి చూపించిన. చానాసేపు ఏం అనలే. తర్వాత "నీ కోసమే ఉంచిన బిడ్డా ఆ పొలం" అన్నడు. నేనన్న, ఉండనియ్యి నాన్నా, నేను డాక్టరై వచ్చినంక కూడ మనకి తిండి గింజలు కావాలె కదా అని. నవ్విండు. రిజల్ట్ తర్వాత అదే మొదటిసారి నవ్వుడు.

ఒక్క ఏడాదే అనుకున్నం. మే తర్వాత ఏది వస్తే అది, కన్వీనర్ల రాకుంటే మళ్ళ ఎప్‌సెట్ రాసి అగ్రినో, ఇష్టమైతే నర్సింగో. ఇది నేనే చెప్పిన, నాన్న వద్దంటున్నా చెప్పిన. హాస్టల్ నల్లగొండలనే చూసిన్రు, ఆదివారం ఆదివారం అమ్మ రావొచ్చు. మేనత్తకి నాన్న ఫోన్ల చెప్పిండు, "పరీక్ష రాస్తున్నది, ఖాళీగ లేదు" అని, కరీంనగర్ అమ్మ చెప్పినట్టు అదే మాట. నేను వంటింట్లకెల్లి విన్న.

కరీంనగర్_అమ్మ
నా కళ్ళల్ల నీళ్ళొచ్చినయ్ బిడ్డా

నర్సాపురం_నాన్న
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పమ్మా. జనవరిలో ఒకసారి ఇక్కడికొచ్చి ఎలా ఉన్నావో రెండు ముక్కలు రాయి. మార్కులు రాయక్కర్లేదు, ఎలా ఉన్నావో రాయి.

హాస్టల్_రూం_14
దోమతెర తీసుకెళ్ళు. బకెట్ మీద పేరు పెయింట్‌తో రాయి, స్కెచ్ పెన్‌తో రాస్తే వారంలో పోతుంది. ఇంటి పచ్చడి చిన్న సీసాల్లో పెట్టించుకో, పెద్ద సీసా తీసుకెళ్తే మొదటి రోజే రూంలో అయిపోతుంది

గౌలిదొడ్డి_పిల్ల
నా కాడ ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ రెండేళ్ళవి ఉన్నయ్, కొత్త సిలబస్‌వే, పెన్సిల్ గీతలున్నయ్ కానీ చినగలే. వచ్చే శనివారం నేను సెలవుకి ఊరికి పోతున్న, మీ మిర్యాలగూడ మీదికెల్లే పోత. బస్టాండ్ల పది నిమిషాలు ఆగుతది బస్సు. వస్తవా?

సాగర్_కాలువ_గట్టు
వస్త అక్కా. ఏ టైముకో చెప్పు, నాన్నతోని ఇడ్లీలు కూడ పంపిస్త.

గౌలిదొడ్డి_పిల్ల
పొద్దున తొమ్మిదిన్నర అట్ల. పల్లీ చట్నీ మర్చిపోకు.